అత్తగారి కంచం వేరు చేయాలా?

ఈ వారం ఉత్తరం ఆదోని ప్రాంతంలోని ఒక పల్లె నుంచి వచ్చింది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని రాసినవారు కోరారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. ఏటా సంక్రాంతి వెళ్లగానే భర్తతో కలిసి సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తారు. తిరిగి వచ్చేసరికి ఉగాది దాటుతుంది. ఆ నెలలన్నీ పదకొండేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు అత్తగారి దగ్గరే తిని, అత్తగారి పక్కనే పడుకుంటారు. పోయిన నెల ఇంటింటి సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త కూతురి మోచేతి పైన రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చను చూసింది. శోభి అనుకుని ఏడాదిగా మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్న మచ్చ అది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పాప చేత కళ్లు మూయించి, పెన్ను మొనతో అక్కడక్కడా తాకుతూ, తగిలిన చోట వేలు పెట్టమన్నారు. మచ్చ చుట్టూ తాకినప్పుడు పాప సరిగ్గానే చూపించింది. మచ్చ మీద తాకినప్పుడు మాత్రం "ఇంకా పెట్టలేదు కదా సార్" అంది. కుష్ఠు వ్యాధి అని తేల్చారు.

తర్వాత ఇంట్లో అందరినీ చూశారు. 62 ఏళ్ల అత్తగారికి వీపు మీద, తొడల మీద పది దాకా మచ్చలున్నాయి. పాదాలకు స్పర్శ లేదు. అరికాలిలో పుండు ఉంది. పగుళ్లనుకుని ఆమె ఏళ్లుగా ఆముదం రాసుకుంటున్నారు. "పెనం మీది జొన్నరొట్టెను మా అత్త వట్టి చేత్తో తిప్పేది. అవ్వ చేతులు ఇనుప చేతులని పిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది" అని రాశారు.

ఉత్తరంలో అసలు మంట ఈ వాక్యంలో ఉంది: "ఆమెకు తెలుసు, తెలిసే దాచింది, నా బిడ్డకు అంటించింది." అత్తగారి కంచం, గ్లాసు, చాప ఇప్పటికే వేరు చేశారు. బళ్లారిలో ఉన్న బావగారింటికి పంపుదామంటే తోడికోడలు ఒప్పుకోలేదు. పశువుల కొట్టం పక్క గదిలోకి మార్చాలని ఆలోచన. భర్త ఎటూ తేల్చడం లేదు. ఆడపడుచు పెళ్లి కుదిరింది, మాఘంలో ముహూర్తం. ఆ విషయంలో మాత్రం భర్త గట్టిగా ఉన్నారు: మగపెళ్లివారి చెవిన పడితే సంబంధం పోతుంది కనుక ఎవరూ నోరు మెదపకూడదు. ఇంట్లో మిగతావారికి ఇచ్చిన ముందుజాగ్రత్త మాత్రను ఆడపడుచు మింగలేదు, తన పేరు జాబితాకెక్కుతుందని. పాపను బడి మాన్పించారు. "ఈ రోగం దేశంలో లేదన్నారు కదా, మాకే ఎందుకు వచ్చింది? అత్తను పంపాలా, పెళ్లివారికి చెప్పాలా, పాపను బడికి పంపాలా? తేల్చి చెప్పండి" అని ముగించారు.

జవాబు:

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నాలుగోది అడగలేదు గాని, ఉత్తరం నిండా అదే ఉంది: మేము కూలికి పోకుండా ఇంట్లో ఉండి ఉంటే పాపకు ఇది వచ్చేది కాదేమో అని. అత్తగారి మీది కోపంలో కొంత మీ మీద మీకున్న కోపం కూడా కలిసిందని నాకనిపిస్తోంది. అందుకే ముందు ఈ జబ్బు ఎలా వస్తుందో చెబుతాను. నేరం ఎవరిదో అప్పుడు మాట్లాడుకుందాం.

దేశంలో లేదన్న మాట ఎక్కడ పుట్టిందంటే, 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల జనాభాకు ఒక రోగి కంటే తక్కువ స్థాయికి చేరామని, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించామని ప్రకటించారు. అది లెక్కల్లో గీసుకున్న గీత మాత్రమే. ఇవాళ్టికీ ఏటా లక్ష మంది దాకా కొత్త రోగులు మన దేశంలో బయటపడుతున్నారు. ప్రపంచం మొత్తం మీద కొత్త రోగుల్లో సగానికి పైగా మనవారే. బ్రెజిల్, ఇండోనేషియా మన తర్వాతే. ప్రకటన విన్న జనం జబ్బునే మరచిపోయారు. మీ పాప మచ్చకు ఏడాది పాటు శోభి మందు పడడం ఆ మరపు ఫలితమే.

ఈ వ్యాధికి రెండు కొసలుంటాయి. ఒంట్లో నిరోధశక్తి బాగా పనిచేసే వారిలో ఒకటో రెండో మచ్చలు వచ్చి ఆగుతాయి, క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. మీ పాప ఈ వైపు. నిరోధశక్తి ఈ ఒక్క క్రిమిని పట్టలేని వారిలో మచ్చలు ఒళ్లంతా పరుచుకుంటాయి, నరాలు దెబ్బతింటాయి, ముక్కులోనూ క్రిములు చేరతాయి. మీ అత్తగారు ఈ వైపు. మందు వాడని రెండో రకం రోగి తుమ్మినా దగ్గినా వచ్చే తుంపర్ల ద్వారా, నెలల తరబడి దగ్గరగా మెలిగిన వారికి వ్యాధి సోకే వీలుంది. అప్పుడు కూడా అందరికీ సోకదు. నూటికి 95 మందికి పుట్టుకతోనే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. కంచంతో రాదు, గ్లాసుతో రాదు, చాపతో రాదు, చేయి పట్టుకుంటే రాదు. వంశపారంపర్యమూ కాదు.

ఈ క్రిమి మహా నిదానం. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. సోకిన తర్వాత మచ్చ కనిపించడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు. అందువల్ల పెద్దవాళ్లలో ఇది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం దాదాపు అసాధ్యం. పిల్లల్లో కనబడితే మాత్రం లెక్క మారుతుంది. పదకొండేళ్ల పాపకు వచ్చిందంటే ఈ మధ్య కాలంలో, దగ్గరలోనే, మందు వాడని పెద్దవారొకరు ఉన్నారన్న మాట. అందుకే ఆరోగ్య సిబ్బంది పాపను చూడగానే ఇంటిల్లిపాదినీ పిలిచారు. అత్తగారి నుంచి వచ్చే అవకాశమే ఎక్కువ. అయినా పొరుగింటి మనిషి కావచ్చు, మీరెరుగని మరెవరైనా కావచ్చు. అత్తగారికీ ఎవరి నుంచో వచ్చిందే కదా. ఆ మనిషిని మనం వెతకలేం, తిట్టలేం.

ఇక తెలిసి దాచిందన్న మాట. నాకంత నమ్మకం కుదరడం లేదు. మన దేశంలో బయటపడే కొత్త రోగుల్లో వందకు 40 మంది దాకా స్త్రీలు. స్త్రీలకు నిజంగానే తక్కువ వస్తుందా, లేక మనమే తక్కువ చూస్తున్నామా అన్న చర్చ వైద్యుల్లో ఎప్పటి నుంచో ఉంది. మీ అత్తగారి మచ్చలు వీపు మీద, తొడల మీద ఉన్నాయి. తన వీపు తనకు కనబడదు. తొడల మీది మచ్చను పల్లెలో అరవై ఏళ్ల ఆడమనిషి ఎవరికి చూపిస్తుంది? పైగా దురద లేదు, నొప్పి లేదు. చెప్పు జారిపోయినా కాలికి తెలియదు, నాలుగడుగులు వేశాక చూసుకుంటే ఉండదు. అరికాలి పుండు మీద బరువు వేసి నడిచేస్తారు, ఎందుకంటే అది నొప్పి పెట్టదు. మీ ఇంట్లో పిల్లలు నవ్వుకున్న ఇనుప చేతులు కూడా ఇదే. నొప్పి లేని జబ్బును ఏ మనిషీ జబ్బని నమ్మడు, ఆ వయసులో ఇంటిపని ఆపి ఆసుపత్రికి అసలు పోడు.

ఒకవేళ ఆమెకు అనుమానం వచ్చే ఉందనుకుందాం. ఆమె పెరిగిన కాలం ఎలాంటిది? ఇప్పుడు వాడుతున్న కలగలుపు మందులు మన జాతీయ కార్యక్రమంలోకి 1983 తర్వాతే వచ్చాయి. అంతకు ముందు డాప్సోన్ ఒక్కటే, అదీ ఏళ్ల తరబడి, కొందరికి బతికినంత కాలం. రోగులను పట్టి ఉంచేందుకు ఆంగ్లేయులు 1898లో చేసిన చట్టం 2016 దాకా రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు 2019 దాకా చట్టంలో ఉంది. ఊరి బయట గుడిసెలో పెట్టిన మనుషులను ఆమె తరం కళ్లారా చూసింది. అలాంటి ఆడమనిషి నోరు విప్పకపోతే నాకు ఆశ్చర్యం లేదు. దాచడం మంచిదని నేననను. దాని ఖరీదు మీ పాప చేతి మీద ఉంది. కానీ మీ ఇల్లు ఇప్పుడు ఏం చేస్తోందో చూడండి. పాపను బడి మాన్పించి దాస్తున్నారు, పెళ్లివారి దగ్గర దాస్తున్నారు, ఆడపడుచు మాత్రను దాచిపెట్టింది. అత్తగారిని తిడుతూనే ఇంటిల్లిపాదీ ఆమె చేసిన పనే చేస్తున్నారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. అత్తగారి మందు మొదలైంది. నెలకోసారి ఆసుపత్రి వారి ఎదుటే మింగే రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే క్రిముల్లో అత్యధిక భాగం చచ్చిపోతాయి. ఇక ఆమె వల్ల ఇంట్లో ఎవరికీ ప్రమాదం లేదు. ప్రమాదం ఉన్నప్పుడు పిల్లలను ఆమె పక్కలో పడుకోబెట్టారు. అది పోయాక కంచం వేరు చేశారు. మిమ్మల్ని ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు. వేరు కంచం వల్ల పిల్లలకు ఒరిగేది ఏమీ లేదని మీకు స్పష్టం కావాలి.

అయినా మీ ముందు మూడు దారులున్నాయి. బళ్లారికి పంపవచ్చు. అప్పుడు ఇష్టం లేని తోడికోడలి ఇంట్లో ఆమె పన్నెండు నెలల మందు సరిగా సాగుతుందని మీరు నమ్మాలి. నేను నమ్మను. మందు మధ్యలో ఆగితే అసలు భయపడాల్సిన స్థితి మళ్లీ వస్తుంది. కొట్టం పక్క గదిలో పెట్టవచ్చు. స్పర్శ లేని కాళ్లున్న మనిషిని ఎలుకలు కొరికినా తెలియని చోట పెట్టినట్లవుతుంది. ఊరివాళ్లకు మీరేమీ చెప్పనక్కరలేదు, ఆ గదే చెబుతుంది. మూడోది, ఇంట్లో ఆమె చోటులోనే ఉంచడం. ఇందులో మీకు కష్టం లేదని కాదు. కోపం చల్లారని మనిషితో రోజూ ఒకే వంటగదిలో మసలాలి. కొన్నాళ్లు ముభావంగా ఉండండి, ఫరవాలేదు. ప్రేమగా ఉండమని నేనడగడం లేదు, కంచం ఒకటే చేయమంటున్నాను.

దీనికి నాకున్న అతి పెద్ద కారణం అత్తగారు కాదు, మీ కూతురు. అవ్వకూ తనకూ ఒకటే జబ్బని పాపకు తెలుసు. పదకొండేళ్లు వచ్చిన పిల్లకు చెప్పకపోయినా తెలుస్తుంది. అవ్వ కంచం విడిగా కడుగుతున్నారని, అవ్వ చాప వసారాలోకి పోయిందని ఆ పిల్ల చూస్తోంది. మరి నా కంచం ఎప్పుడు వేరు చేస్తారు అని లోపల అడుగుతూనే ఉంటుంది. మీరు దానికి ఎన్ని ముద్దులు పెట్టినా ఆ ప్రశ్న పోదు. రేపు మరో మచ్చ కనబడితే మీ దగ్గరికి పరుగెత్తుకు వస్తుందా, లంగా కింద దాచుకుంటుందా అన్నది మీరు అత్తగారితో ఎలా ఉన్నారన్న దాని మీదే ఉంటుంది.

పాప బడి సంగతి సులువు. రేపే పంపండి. తన వల్ల తోటి పిల్లలకు ఏమీ కాదు. ఉపాధ్యాయులకు చెప్పి తీరాలన్న నియమం లేదు. నమ్మకమైన టీచరు ఒకరుంటే చెప్పుకోవడం మంచిదే, ఎందుకంటే పాప ఒంటి రంగు కాస్త మారవచ్చు. మచ్చలు తక్కువగా ఉన్నవారికి ఇదివరకు రెండు మందులే ఇచ్చేవారు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో వారికీ ఆరు నెలల పాటు మూడు మందులు ఇస్తున్నారు. అందులో క్లోఫాజిమిన్ వల్ల చర్మం నల్లగా, ఎర్రమట్టి ఛాయలో మారుతుంది. మందు ఆపాక కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. నెలకోసారి వేసే పెద్ద మోతాదు నాడు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమని హడలిపోకండి. ఈ రెండూ పాపకు ముందే చెప్పి ఉంచండి.

పెళ్లి విషయం చిక్కుది, అందులో నేను మీకు ఒకే మాట చెప్పలేను. మొదట ఇది ఎవరు తేల్చాల్సిన సంగతో చూడాలి. జబ్బు అత్తగారిది. ఆమె సమ్మతి లేకుండా ఆసుపత్రివారు కూడా బయటపెట్టకూడదు. పెళ్లి ఆడపడుచుది. వారిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మీ ఆయన ఒక్కరే హుకుం వేశారు.

చెప్పకుండా పెళ్లి చేస్తే తప్పు చేసినట్టేమీ కాదు. ఆడపడుచును పరీక్షించారు, ఆమెకు జబ్బు లేదు, తల్లి జబ్బు ఆమెకు కట్నంలా వెంట రాదు. అయితే అత్తగారి మందులు మాఘం దాటి సాగుతాయి, ముఖం రంగు మారుతుంది, వియ్యాలవారు వస్తూ పోతూ ఉంటారు, పల్లెలో రహస్యం ఎన్నాళ్లుంటుందో మీకే బాగా తెలుసు. పెళ్లయ్యాక బయటపడితే జబ్బు కంటే దాచారన్న మాటే పెద్దదవుతుంది. ఆ మాట పడేది మీ ఆయన కాదు, అత్తింట్లో ఒంటరిగా ఉండే ఆ పిల్ల.

ముందే చెబితే సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోదని నేను హామీ ఇవ్వలేను. ఏటా జనవరి 30న, గాంధీ వర్ధంతి నాడు, కుష్ఠు రోగుల పట్ల వివక్ష చూపబోమని గ్రామసభల్లో ప్రతిజ్ఞ చదివిస్తారు. చదివిన వారంతా ఆ సాయంత్రం రోగి ఇంట్లో మంచినీళ్లు తాగుతారా అంటే నాకు అనుమానమే. చెప్పదలిస్తే పెద్దమనుషుల పంచాయతీలో కాకుండా, పెళ్లికొడుకుతో ఆడపడుచే చెప్పడం మేలు. తోడుగా ఏఎన్ఎంనో, డాక్టరునో పెట్టుకోవచ్చు. "మా అమ్మకు ఈ జబ్బు వచ్చింది, మందు వాడుతోంది, ఇక ఎవరికీ అంటదు, నన్ను పరీక్ష చేశారు" అంటే సరిపోతుంది. అబ్బాయి వెనక్కి తగ్గితే, బాధే గాని, పెళ్లికి ముందు తగ్గాడు. నన్నడిగితే నేను ఈ దారి వైపే మొగ్గుతాను. కానీ నష్టం వస్తే భరించేది నేను కాదు కనుక ఒత్తిడి చేయను. పెళ్లిని వాయిదా వేయడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ దారి. కారణం లేని వాయిదాకు ఊరు వంద కారణాలు కల్పిస్తుంది.

చెప్పినా చెప్పకపోయినా ఆడపడుచు విషయంలో ఒకటి జరగాలి. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారిని ఐదేళ్ల పాటు ఏడాదికోసారి పరీక్షించాలి. ఆమె పెళ్లి చేసుకుని వేరే ఊరు పోతుంది. అక్కడ వీపు మీదో కాలి మీదో మొద్దుబారిన మచ్చ వస్తే ఎలా ఉంటుందో, ఎక్కడికి వెళ్లాలో ఆమెకు తెలిసి ఉండాలి. తెలియకపోతే ఇంకో ఇంట్లో ఇంకో ముప్పై ఏళ్లకు ఇదే ఉత్తరం మరొకరు రాస్తారు. ఆమె మింగని మాత్ర ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్. బంగ్లాదేశ్‌లో రోగులకు దగ్గరగా మెలిగిన వేలమందికి ఇచ్చి చూస్తే మొదటి రెండేళ్లలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయి. పూర్తి రక్షణ కాదు, కానీ చిన్నదీ కాదు. మాత్ర మింగినంత మాత్రాన ఎవరూ రోగుల జాబితాకెక్కరు. గర్భిణులకు, క్షయ లక్షణాలున్న వారికి ఇది ఇవ్వరు కనుక పెళ్లికి ముందే వేసుకోవడం తేలిక కూడా.

మిగిలింది మీ సుగ్గి ప్రయాణం. అత్తగారి పన్నెండు నెలల మందూ, పాప ఆరు నెలల మందూ రెండూ ఆ కాలంలో నడుస్తూనే ఉంటాయి. ఆరోగ్య కేంద్రంలో ఈ మాట ఇప్పుడే చెప్పండి. మీరు లేని నెలల్లో ఇద్దరి మాత్రలకూ ఆశా కార్యకర్తో, చదువు వచ్చిన బంధువో బాధ్యత తీసుకునే ఏర్పాటు చేయవచ్చు. పాపను వెంట తీసుకుపోతే కొన్ని నెలల మందు ముందుగానే ఇస్తారు, కార్డు చూపిస్తే గుంటూరు వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇస్తారు. ఎక్కడా పైసా కట్టనక్కరలేదు. వెంట తీసుకుపోతే పాప బడి పోతుంది, వదిలి పోతే మీ మనసు అక్కడ నిలవదు. మీ ఆయన ఒక్కరే వెళ్లి ఈ ఏడాది మీరు ఆగితే కూలి సగానికి పడుతుంది, పెళ్లి అప్పు మీద వడ్డీ నడుస్తుంది. ఈ మూడింటిలో ఏది మోయగలరో మీ లెక్కలు మీకే తెలుసు.

ఎవరు ఇంట్లో ఉన్నా ఈ సంగతులు తెలిసి ఉండాలి. మందు వాడుతుండగా గాని, అయిపోయాక గాని మచ్చలు ఉన్నట్టుండి ఎర్రగా వాచినా, మోచేయి దగ్గరో మోకాలి పక్కనో నరం లాగినట్టు నొప్పి పెట్టినా, వేళ్లు వంకరపోతున్నా, పాదం పైకి లేవకపోయినా, కన్ను పూర్తిగా మూతపడకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మందు పడలేదనుకుని మాత్రలు ఆపేస్తారు చాలామంది, అదే పొరపాటు. అది క్రిములపై శరీరం తిరగబడడం వల్ల వచ్చే వాపు. స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందు వెళ్తే పోయిన బలం చాలావరకు తిరిగి వస్తుంది. ఆ తర్వాత వెళ్తే కష్టం.

అత్తగారి పాదాలకు ఆముదం మంచిదే, ఒట్టి ఆముదం చాలదు. రోజూ ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. వేడినీళ్లు వద్దు, కాలినా ఆమెకు తెలియదు. పుండున్న కాలి మీద బరువు వేయకుండా కట్టు కట్టించండి. స్పర్శ లేని పాదాలకు మెత్తటి రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, అడిగి తీసుకోండి. అరికాలు ఆమెకు కనబడదు కనుక రోజూ ఎవరో ఒకరు చూడాలి. మీ పాప చూస్తానంటే చూడనివ్వండి. రొట్టెలు మాత్రం ఇకపై మీరు తిప్పండి, లేదా ఆమె చేతికి ఒక అట్లకాడ ఇవ్వండి.